కర్త లేని క్రియ: అనంతపురం కరువు సాహిత్యం, వైకల్యం, సంరక్షణ భాష

ఉపోద్ఘాతం

రాయలసీమ సాహిత్యం, దానిని అనుసరించిన విమర్శ సాధించిన ప్రధాన విజయాల్లో ఒకటి కరువును దైవం ఖాతానుంచి తప్పించడం. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా మాత్రమే వాన కురిసే అనంతపురం పీఠభూమిలో కరువును తలరాతగా, పాపఫలంగా, గ్రామదేవత ఆగ్రహంగా చెప్పుకొనే వాడుక చాలా పాతది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో రంగన్న, గంగమ్మల బతుకు ద్వారా ఆ దుఃఖానికి కావ్యగౌరవం దక్కింది. సింగమనేని నారాయణ తరం కథకుల చేతిలో అదే దుఃఖం అప్పుల లెక్కగా, గిట్టుబాటు లెక్కగా, నీటి పంపకాల లెక్కగా మారింది. ‘జూదం’ అన్న కథాశీర్షికే సేద్యాన్ని విధి చేతినుంచి తీసి ఆట నియమాలున్న ఒక వ్యవహారంగా చూపుతుంది. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి నవల పేరు ‘శప్తభూమి’. పేరులో శాపం ఉన్నా, నవల నిండా ఉన్నది హండే పాలకుల కాలపు మనుషులు, వారి మధ్య నడిచిన అధికారం. శాపమిచ్చినవారెవరని అడిగి, మనుషుల పేర్లు చెప్పించడం అనంతపురం సాహిత్యానికి ఈ విధంగా అలవాటైంది.

వైకల్యం విషయంలో ఈ అలవాటు ఇంకా ఏర్పడలేదు. ‘శాపం’, ‘కర్మ’, ‘రాత’ అన్న మాటలు కరువు కథనుంచి చాలావరకు తొలగిపోయినా, అదే కథలో మంచం పట్టిన మనిషి, చూపులేని ముసలమ్మ, మాటరాని పిల్లవాడు కనిపించిన చోట తిరిగి వచ్చి చేరుతాయి. శాపానికి ఈ లోకంలో ముద్దాయి ఉండడు కనుక ఫిర్యాదుకూ చోటుండదు. వైకల్యం ఉన్న వ్యక్తులపై సంరక్షణ జరిగే చోటనే, అంటే ఇంట్లోనో వసతి పాఠశాలలోనో శరణాలయంలోనో జరిగే హింసను చెప్పడానికి తెలుగు సాహిత్యం, తెలుగు వాక్యం ఎంతవరకు తోడ్పడుతున్నాయి, ఎక్కడ అడ్డుపడుతున్నాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. విషయం చట్టానికీ సంక్షేమానికీ చెందినట్టు కనిపించినా, హింస బయటపడేది ఎవరో ఒకరు ఒక వాక్యం చెప్పగలిగినప్పుడే. ఆ వాక్యం తెలుగు శాఖల పరిధిలోనిది.

వలస తరువాత ఇంట్లో మిగిలినవారు

అనంతపురం కథల్లో వలస ఒక ప్రధాన ఘట్టం. వేరుసెనగ ఎండిపోయాక బెంగళూరు బస్సెక్కే కుటుంబం పాఠకుడికి బాగా పరిచితం. కథకుడి చూపు సాధారణంగా ఆ బస్సుతోపాటు వెళుతుంది. కట్టడం పని, గుడారం బతుకు, మేస్త్రీ మోసం వర్ణితమవుతాయి. బస్సెక్కలేనివారు ఇంట్లోనే మిగులుతారు. పని చేయలేని శరీరం పనికోసం సాగే ప్రయాణంలోనూ, ఆ ప్రయాణాన్ని చెప్పే కథలోనూ భాగం కాలేకపోవడం యాదృచ్ఛికం కాదు. వలసను శ్రమ కథగా చదివిన విమర్శ, దానిని సంరక్షణ కథగా కూడా చదవవలసి ఉంది. వలస వెళ్లిన ఇంట్లో ఎవరికి ఎవరు కూడు పెడుతున్నారు, పెట్టేవారికి ఏం మిగులుతోంది, పెట్టకపోతే అడిగేదెవరు అన్నవి ఆ చదువులో తొలి ప్రశ్నలు.

ఈ ప్రాంతపు వాడుకలో ఆ పనికి ‘సాకడం’ అని పేరు. బిడ్డను సాకుతారు, గొర్రెను సాకుతారు, ముసలితల్లినీ సాకుతారు. మాటలో ఆప్యాయత ఉంది, దానితోపాటు ఋణమూ ఉంది. సాకినవాడిమీద నోరెత్తడం కృతఘ్నత అన్న నీతి ఆ క్రియలోనే ఇమిడి ఉంది. సంస్థల భాషలో దీనికి సమానమైన ‘సేవ’ మరింత బరువైన మాట. సేవ చేసేవారు పుణ్యాత్ములు కనుక, సేవ పొందేవారి ఫిర్యాదు అపచారంలాగా వినిపిస్తుంది.

అనంతపురంలో సంస్థాగత సంరక్షణ అనగానే 1969లో విన్సెంట్ ఫెర్రర్ రాకతో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు గుర్తుకు వస్తుంది. వినికిడి, చూపు, బుద్ధి వికాసానికి సంబంధించిన వైకల్యాలున్న పిల్లలకు ఆ సంస్థ వసతితో కూడిన ప్రత్యేక పాఠశాలలు నడిపింది. ఇక్కడి చర్చ ఆ సంస్థ పనితీరుమీద తీర్పు కాదు. ఈ వ్యాసానికి ఎక్కువ ఆసక్తికరమైనది ఆ సంస్థ ప్రోత్సహించిన మరొక రూపం: ఊరూరా ఏర్పడిన వికలాంగుల సంఘాలు. పాఠశాలలో పిల్లవాడి గురించి పెద్దలు మాట్లాడతారు. సంఘంలో వైకల్యం ఉన్న మనిషి తన గురించి తానే మాట్లాడవలసి వస్తుంది. సంరక్షకుడి సమక్షం లేకుండా మాట్లాడే చోటు ఒకటి ఉండటమే హింసనుంచి రక్షణకు మొదటి షరతు అనుకుంటే, సంఘం చాప పాఠశాల భవనంకంటే చిన్నదేమీ కాదు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే ప్రస్తావించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైనుంచి వైకల్య పింఛను నెలకు 3,000 రూపాయలనుంచి 6,000 రూపాయలకు, పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి 15,000 రూపాయలకు పెరిగింది. వాన నమ్మకం లేని ఊళ్లో నెలనెలా తప్పకుండా వచ్చే రాబడి ఇంట్లో ఆ మనిషి స్థానాన్ని మారుస్తుంది. గౌరవం పెరగవచ్చు, ఆ మనిషి చుట్టూ కాపలా కూడా పెరగవచ్చు. ఈ రెండో అవకాశాన్ని తెలుగు కథ ఎన్నో ఏళ్ల క్రితమే పసిగట్టింది. చాగంటి సోమయాజులు ‘ఎంపు’ కథలో ముష్టివాడైన తండ్రి కూతురికి వరుణ్ని ఎంచేటప్పుడు కుంటివాడి రాబడినీ గుడ్డివాడి రాబడినీ తూచి చూస్తాడు. చాసో అక్కడ జాలి అన్న సరుకును దగ్గరికి రానివ్వలేదు. వైకల్యం ఆ ప్రపంచంలో ఆదాయ వనరు, ఆదాయం ఎవరి చేతిలోకి వెళుతుందన్నదే అసలు ప్రశ్న. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం సంరక్షకుడు ఆస్తుల జాబితానూ ఏటేటా జమాఖర్చులనూ దాఖలు చేయాలని ఎందుకు నిర్బంధించిందో ‘ఎంపు’ చదివిన పాఠకుడికి వేరే వివరించనక్కరలేదు.

ఆశ్రయం దగ్గర ఆగిపోయే కథ

తెలుగు కథనంలో శరణాలయం తరచుగా ఒక ముగింపు. దీనికి మూలరూపాన్ని ‘కన్యాశుల్కం’ 1909 నాటి రూపంలోనే చూడవచ్చు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటుతో ఆమె కథ పరిష్కారమవుతుంది. గురజాడ చూపు గిరీశంమీద నిలిచి నాటకం ముగుస్తుంది. పూనాలో బుచ్చమ్మకు ఏం జరిగిందో అడగడం నాటక ధర్మానికి సంబంధించినంతవరకు అనుచితమే. కానీ ఆ తరువాత శతాబ్దంపైగా తెలుగు కథ, నవల, సినిమా ఇదే ముగింపును అలవాటుగా వాడుకున్నాయి. దిక్కులేనివారికి ఆశ్రమం దొరుకుతుంది, ద్వారం తెరుచుకుంటుంది, పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు. లోపల పెట్టే కూడు, రాత్రిపూట కాపలా, స్నానాల గది గడియ ఎవరి వైపు ఉందన్న వివరం కథలోకి రావు.

చట్టం ఆ ముగింపు తరువాతే మొదలవుతుంది. చండీగఢ్‌లో ప్రభుత్వమే నడిపే శరణాలయంలో బుద్ధిమాంద్యం ఉన్న ఒక యువతి అత్యాచారానికి గురై గర్భవతి అయింది. 2009లో సుప్రీంకోర్టు ఆమె అంగీకారం లేకుండా గర్భస్రావం చేయించడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. ఆశ్రయం ఇచ్చిన వ్యవస్థ ఆమెను కాపాడలేకపోయింది. కాపాడలేకపోయాక ఆమె తరఫున నిర్ణయం తానే తీసుకోబోయింది. ‘ఆశ్రయం’ అన్న మాటలోని ఈ రెండు పొరలనూ తెలుగు నవల ఏదైనా పట్టుకుందా అని వెదికితే ఎక్కువగా దొరకదు. ఆశ్రమాన్ని ఇతివృత్తంగా తీసుకున్న రచనలు కూడా నిర్వాహకుడి త్యాగాన్నో, అతని నిధుల కష్టాన్నో చెప్పినంతగా లోపలి మనిషి రోజును చెప్పవు.

తినిపించాను, తినలేదు

అడ్డంకి ఇతివృత్తంలోనే కాక వాక్యంలోనూ ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం క్రియాపరిచ్ఛేదంలో చెప్పిన ప్రేరణార్థకం తెలుగు సంరక్షణ భాషకు వెన్నెముక. తినిపించడం, స్నానం చేయించడం, నడిపించడం, కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం వంటి క్రియలన్నింటిలోనూ కర్త సంరక్షకుడే. ఒకరోజు పని చెప్పమంటే సంరక్షకుడి ప్రతి వాక్యంలోనూ ‘నేను’ స్పష్టంగా ఉంటుంది. అయితే కీడు జరిగిన చోట వాక్య నిర్మాణం మారిపోతుంది. ‘పడ్డాడు’, ‘దెబ్బ తగిలింది’, ‘చెయ్యి విరిగింది’, ‘చిక్కిపోయింది’ అన్న అకర్మక క్రియలు వచ్చి చేరుతాయి, కర్త మాయమవుతాడు. లేదా బాధితుడే కర్త అవుతాడు. ‘అన్నం పెట్టలేదు’ అనవలసిన చోట ‘అన్నం తినలేదు’ అన్న వాక్యం వస్తుంది. ఒక్క క్రియ మారితే నేరం మారాంగా మారుతుంది.

ఇది ఎవరో పనిగట్టుకొని ఆడే అబద్ధం కావలసిన అవసరం లేదు. విరుగు–విరుచు, పడు–పడవేయు వంటి జంటలున్న భాషలో అకర్మక రూపం అందుబాటులో ఉంటుంది, మర్యాదగా కూడా వినిపిస్తుంది. పత్రికల భాష ఈ సౌకర్యాన్ని మరింత పెంచింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల వసతి గృహంలో మంటలు చెలరేగి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టివేయబడినందువల్ల వారు తప్పించుకోలేకపోయారు. అటువంటి ఘటనకు వాడుకలో ఉన్న పేరు ‘అగ్నిప్రమాదం’. నిప్పు ప్రమాదవశాత్తు అంటుకొని ఉండవచ్చు, గొలుసు మాత్రం ఒకరు వేసినదే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా సరే నిషేధిస్తూ, మాయమైన కర్తను తిరిగి వాక్యంలోకి పిలిచింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ దృష్టితో చదవదగిన పాఠం. 92వ సెక్షన్‌లో నేరాలు స్థూలమైన నామవాచకాలుగా కాక పనులుగా వర్ణితమయ్యాయి. ఒక వ్యక్తి తన అధీనంలో ఉన్నప్పుడు తెలిసి తెలిసి ఆహారమో నీరో ఇవ్వకపోవడం అందులో ఒక నేరం. అవయవాన్నో ఇంద్రియాన్నో గాయపరచడంతోపాటు సహాయక పరికరాన్ని పాడుచేయడం, దాని వాడకానికి అడ్డుపడటం మరొకటి. చేతికర్రను అందకుండా దాచడం, వినికిడి యంత్రాన్ని లాగేసుకోవడం వంటివి దీని కిందికి వస్తాయి. శిక్ష ఆరు నెలలనుంచి అయిదేళ్ల వరకు, జరిమానాతో. ఆసక్తికరమైన సంగతి ఏమంటే, చట్టం పేర్కొన్న ఈ పనులకు అనంతపురం పల్లె మాట దగ్గరగా ఉంది, గ్రాంథిక పరిభాష దూరంగా ఉంది. ‘కూడు పెట్టలా’, ‘కట్టేసినారు’, ‘నూకినాడు’ అన్న వాడుక మాటలకు కర్త, కర్మ, క్రియ అన్నీ ఉన్నాయి. అదే విషయం అర్జీలోకి ఎక్కేసరికి ‘సరైన సంరక్షణ అందని పరిస్థితి నెలకొన్నది’ అవుతుంది. అర్జీ రాసిపెట్టేవారు గౌరవంకోసం చేసే ఈ మార్పు ఫిర్యాదులోని ప్రాణాన్ని తీసివేస్తుంది.

పరిభాష మరో చోట కూడా ఇబ్బంది పెడుతుంది. చట్టంలోని 7వ సెక్షన్ రక్షణ కల్పించే విషయాలను తెలుగులో చెప్పబోతే హింస, వేధింపు, దూషణ, దోపిడీ, దుర్వినియోగం అని నాలుగైదు మాటలు వాడవలసి వస్తుంది. ఏ ఒక్కటీ మొత్తాన్ని పట్టదు. ‘అత్యాచారం’ ఒకప్పుడు మితిమీరిన ఆగడమన్న విశాలార్థంలో నిలిచింది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం పేరులో ఇంకా అలాగే ఉంది. కానీ నేటి వాడుకలో అది దాదాపు లైంగిక దాడికే పరిమితమైంది. ఆ ఖాళీని పూరించే మాట రాలేదు. బాధితుల పేర్లు మాత్రం ‘వికలాంగులు’ నుంచి ‘దివ్యాంగులు’, ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటూ త్వరత్వరగా మారాయి. మనిషికి పెట్టే పేరుమీద చూపినంత శ్రద్ధ ఆ మనిషికి జరిగేదానికి పెట్టే పేరుమీద చూపకపోవడం తెలుగు పరిపాలనా భాషకు పట్టిన అలసత్వం. ‘దివ్య’ అన్న విశేషణం నిజానికి పాత ‘శాపం’ తిరగబడిన రూపమే. రెండింటిలోనూ శరీరం దైవానికి చెందినదవుతుంది.

7వ సెక్షన్ ప్రకారం హింస జరిగిందనో, జరగబోతోందనో నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చు. ఆ అధికారి తక్షణం ఆపే చర్య తీసుకోవాలి, అవసరమైతే విడిపించే ఉత్తర్వులు ఇవ్వాలి. మండలంలో ఆ మేజిస్ట్రేటు తహసీల్దారే. అనంతపురం రైతు పాసుపుస్తకంకోసం, కరువు పరిహారంకోసం ఏళ్లతరబడి తిరిగిన కార్యాలయం అది. కరువు కథల్లో ఆ కార్యాలయపు గడప ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అదే గడపకు కూడు పెట్టని కొడుకుమీద ఫిర్యాదుతో వచ్చిన తల్లి పాత్ర ఇంకా రావలసి ఉంది.

కనబడినవారు, వినబడినవారు

2014 జులైలో కాకినాడలోని ఒక అంధుల వసతి పాఠశాలలో చూపులేని పిల్లలను బెత్తంతో విచక్షణ లేకుండా కొడుతున్న దృశ్యాలు టెలివిజన్ ఛానళ్లలో ప్రసారమయ్యాయి. వెంటనే అరెస్టులు జరిగాయి. దృశ్యం లేకపోతే ఆ కేసు అంత వేగంగా కదిలేది కాదనడంలో సందేహం అక్కరలేదు. కానీ సాహిత్య విద్యార్థి ఇక్కడ ఒక వైపరీత్యాన్ని గమనించాలి. చూపులేని పిల్లల బాధ లోకానికి చేరింది చూపు ద్వారానే. దెబ్బలు తిన్నవారు ఆ వీడియోను చూడలేరు. వారికి ఆ ఘటన గొంతు, అడుగుల చప్పుడు, బెత్తం గాలిని కోసే శబ్దం. తెలుగు దేశం చూసిన కథకూ, పిల్లలు ఎరిగిన కథకూ ఇంద్రియాలే వేరు.

తెలుగు కథలో వైకల్యం ఉన్న పాత్రకు జరిగేది సరిగ్గా ఇదే. ఆ పాత్ర చూడబడుతుంది. మెలితిరిగిన కాలు, తెల్లగుడ్డు పడిన కన్ను, చొంగ కార్చే నోరు వర్ణనలో స్థిరపడి, కథకుడి కరుణకు ఆధారమవుతాయి. ఉత్తమ పురుషలో అదే పాత్ర కథ చెప్పడం అరుదు. మాటరాని పాత్ర అయితే మౌనమే దాని స్వభావంగా స్థిరపడిపోతుంది. సంజ్ఞలకు వ్యాకరణం ఉందని, వాటితో అబద్ధమూ ఆడవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు అని కథకుడికి తోచదు. కరుణరసం ఇక్కడ రక్షణకు అడ్డు వస్తుంది. కరుణకు పాత్రుడైన వ్యక్తి సాక్షిగా నిలబడితే శ్రోత ఇబ్బంది పడతాడు.

ఈ ఇబ్బందిని నేరుగా ఎదుర్కొన్న తీర్పు రాయలసీమనుంచే వెళ్లింది. కర్నూలు జిల్లాలో పుట్టుకనుంచి చూపులేని ఒక దళిత యువతిపై ఆమె ఇంట్లోనే, అన్నల స్నేహితుడిగా ఇంటికి వచ్చిపోయే వ్యక్తి 2011లో అత్యాచారం చేశాడు. ఆమె అతణ్ని గొంతుద్వారా గుర్తించింది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అత్యాచార నేరానికి యావజ్జీవ శిక్షను సమర్థిస్తూ, వైకల్యం ఉన్న స్త్రీ లోకాన్ని మరో విధంగా గ్రహిస్తుంది గనుక ఆమె సాక్ష్యం బలహీనమని గానీ తక్కువదని గానీ భావించరాదని స్పష్టం చేసింది. కులం, స్త్రీత్వం, వైకల్యం ఒకే మనిషిమీద ఒకేసారి ఎలా పనిచేస్తాయో ఆ తీర్పు వివరంగా చర్చించింది. అయినా కులం కారణంగానే నేరం జరిగిందనడానికి ఆధారం చాలదంటూ అత్యాచారాల నిరోధక చట్టం కింది శిక్షను పక్కన పెట్టింది. ‘అత్యాచారం’ అన్న మాట ఒక అర్థంలో నిలిచి, మరో అర్థంలో వీగిపోయిన కేసు ఇది.

ఇల్లు, పరిచయం, నమ్మకం అన్నవి ఈ కేసుకు నేపథ్యం. సంరక్షణ స్థలం అనగానే సంస్థ భవనాన్నే ఊహించుకోవడం సరిపోదని ఇది చూపుతుంది. గొంతును గుర్తుపట్టడమంటే ఆ గొంతు ఇంట్లోకి చాలాసార్లు వచ్చిందని అర్థం. తెలిసినవారే కావడం వల్ల హింస సులువైంది, తెలిసినవారే కావడం వల్ల గుర్తింపూ సాధ్యమైంది.

పరిశోధనకు మిగిలిన పని ఇక్కడ మొదలవుతుంది. ఆమె తెలుగులో చెప్పిన సాక్ష్యం సుప్రీంకోర్టు తీర్పులో ఇంగ్లీషు వాక్యంగా మాత్రమే కనిపిస్తుంది. ఆమె ఏ క్రియ వాడింది, కర్తను ముందు చెప్పిందా చివర చెప్పిందా, గొంతును ఏ మాటతో వర్ణించింది అన్నవి ఆ అనువాదంలో వినిపించవు. అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న రెండుగా విడిపోయాక రెండు కలెక్టరేట్లలో, వాటి కింది తహసీల్దారు కార్యాలయాల్లో చేరే అర్జీలు, ఊళ్లలోని సంఘాల మినిట్సు పుస్తకాలు, పోలీసు స్టేషన్లలో తెలుగులో రాసిచ్చిన ఫిర్యాదులు అన్నీ కథలకంటే ముందే పుట్టిన కథనాలు. పల్లె మాట అర్జీ మాటగా మారే చోట ఏ కర్త తొలగిపోయాడో, ఏ ‘పెట్టలేదు’ ఏ ‘తినలేదు’గా మారిందో పోల్చి చూడటానికి కావలసినవి వ్యాకరణ పరిజ్ఞానం, మాండలిక పరిచయం. గోప్యతను పాటిస్తూ, పేర్లు తొలగించి, ఆ సంఘాల సభ్యుల సమ్మతితో, వారి భాగస్వామ్యంతో ఈ పాఠాలను సేకరించే పనిని రాయలసీమ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టవచ్చు. సంజ్ఞా భాషలో చెప్పేవారి విషయంలో మొదట కావలసింది వ్యాఖ్యాత. ఆ వ్యాఖ్యాత ఇంటివారై ఉండకూడదు.